రేడియం గొట్టం నుండి చికిత్సా పటం వరకు

కోటగిరి, బోధన్ ప్రాంతాల చెరకు రైతుకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. కోసిన చెరకు నిలువ ఉంచదగిన పంట కాదు. గడను నరికినది మొదలు అందులోని చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే వేరు చక్కెరలుగా మారుతూ పోతుంది. ఆ మేరకు చేతికి వచ్చే పంచదార తగ్గుతుంది. అందుకే చక్కెర కర్మాగారాలు రైతులకు కటింగ్ ఆర్డర్లు ఇస్తాయి. ఎవరు ఏ రోజున కోయాలి, ఎన్ని బండ్లు తోలాలి అనేది ముందే నిర్ణయమవుతుంది. 1937 లో స్థాపితమైన బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 లో మూతపడినది కాని, కోత, తోలకం, తూకం, గానుగ ఒకదాని వెంట ఒకటి వేళకు అందకపోతే ఎంత పెద్ద గానుగ ఉన్నా ప్రయోజనం లేదన్న పాఠం ఆ ప్రాంతంలో నిలిచియే ఉన్నది.

వైద్యశాస్త్రంలో కూడా ఇటువంటి పాఠమే ఒకటి ఉన్నది. దానిని నేర్చుకొనడానికి నూరేళ్ళకు పైగా పట్టినది. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారంలో వచ్చే కాన్సరును మన పెద్దలు రాచపుండు అనే మాటలోనే కలిపి చెప్పేవారు. 2022 లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా వచ్చినదనీ, సుమారు 80,000 మంది దీనివల్ల మరణించారనీ అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా. అయినా ఇది తగిన వేళకు పట్టుకుంటే నయం కాగల కాన్సరులలో ఒకటి. ముదిరిన దశలో కూడా దీనిని లొంగదీయగల సాధనం ఒకటి ఉన్నది. కిరణాలను వెదజల్లే పదార్థాన్ని కంతి దగ్గరకే తీసుకొనిపోయి చేసే చికిత్స అది. దీనిని బ్రాకీథెరపీ అంటారు. గ్రీకు భాషలో 'బ్రాకిస్' అనగా పొట్టి, దగ్గర అని అర్థం.

దగ్గర ఎందుకు?

దీపానికి ఒక అడుగు దూరంలో పట్టుకున్న పుస్తకం మీద పడే వెలుగు, రెండడుగుల దూరానికి జరిపితే సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. మూడడుగులకు జరిపితే తొమ్మిదవ వంతు. దీనినే విలోమవర్గ సూత్రం అంటారు. చిన్న బిందువు నుండి వెలువడే కిరణాలన్నిటికీ ఇదే నియమం. కంతి మధ్య ఉంచిన మూలపదార్థం ఒక సెంటీమీటరు దూరంలో ఇచ్చే మోతాదు 16 పాళ్ళు అనుకుంటే, నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఇచ్చేది ఒక పాలు మాత్రమే.

గర్భాశయ ముఖద్వారానికి ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం ఆనుకొని ఉంటాయి. బయటి నుండి పంపే కిరణాలు ఇవన్నీ దాటి కంతిని చేరవలె. లోపలనే ఉంచిన మూలపదార్థం కంతికి పెద్ద మోతాదు ఇచ్చి, పక్క అవయవాలకు తక్కువ ఇస్తుంది. అయితే ఈ మేలు వెనుకనే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. మోతాదు అంత వేగంగా పడిపోతుంది కనుక, మూలపదార్థం అర సెంటీమీటరు అటు ఇటు జరిగినా ఒకచోట కంతికి చాలదు, మరొకచోట మంచి అవయవం కాలిపోతుంది. ఈ చికిత్స చరిత్ర అంతా ఆ అర సెంటీమీటరును అదుపులో పెట్టడానికి జరిగిన ప్రయత్నమే.

రేడియం రోజులు

1898 డిసెంబరులో పియర్ క్యూరీ, మేరీ క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నట్లు ప్రకటించారు. కొద్ది రోజులలోనే దాని కాటు తెలియవచ్చినది. 1901 లో హెన్రీ బెకెరెల్ కోటు జేబులో రేడియం గొట్టం పెట్టుకొని తిరిగితే ఒంటి మీద పుండు పడినది. మంచి చర్మాన్ని చంపగల పదార్థం చెడ్డ కంతిని మాత్రం ఎందుకు చంపదన్న ఆలోచన వైద్యులకు వచ్చినది. 1903 లో న్యూయార్కులో మార్గరెట్ క్లీవ్స్ అనే వైద్యురాలు గర్భాశయ ముఖద్వార కాన్సరుకు రేడియంను ఉపయోగించినది. అదే సంవత్సరం టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్, చిన్న గాజు గొట్టంలో రేడియం ఉంచి కంతి నడుమనే పెట్టి చూడరాదా అని ఒక వైద్యునికి లేఖ వ్రాశాడు.

రేడియం దొరకడం మాత్రం బహు కష్టం. 1921 లో అమెరికా స్త్రీలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి బహూకరించిన ఒక్క గ్రాము ఖరీదు లక్ష డాలర్లు. స్వీడనులోని స్టాక్‌హోం నగరంలో 1910 లో రేడియం ఆస్పత్రి నెలకొన్నది. అక్కడివారు మోతాదును కొన్ని గంటల చొప్పున వారాల ఎడంతో రెండు మూడుసార్లు ఇచ్చారు. పారిస్‌లో క్లాడియస్ రెగో బృందం తక్కువ రేడియంను రోజుల తరబడి ఒకే విడత లోపల ఉంచింది. ఎవరి పద్ధతి వారిది. మోతాదును మిల్లీగ్రాము-గంటలలో లెక్కించేవారు. అనగా ఎన్ని మిల్లీగ్రాముల రేడియం, ఎన్ని గంటలు అన్న రెంటి గుణకారం. పొయ్యిలో ఎన్ని కట్టెలు ఎంతసేపు కాలినవో చెప్పే లెక్క ఇది. కుండలో నీరు ఎంత కాగినదో ఈ లెక్క చెప్పదు.

మాంచెస్టరు పట్టిక

ఈ లోపాన్ని సవరించినవారు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరపు హోల్ట్ రేడియం సంస్థవారు. 1938 లో టాడ్, మెరిడిత్ అనే ఇద్దరు ఒక పద్ధతిని ప్రచురించారు. వారిలో టాడ్ వైద్యురాలు, మెరిడిత్ భౌతికశాస్త్రజ్ఞుడు. ఈ ఇరువురి కలయికే గమనించదగిన విషయం. మూలపదార్థం దగ్గర ఎంత ఉన్నది అని కాక, శరీరంలో ఒక నిర్ణీత స్థానంలో ఎంత మోతాదు పడుతున్నది అని వారు అడిగారు. గర్భాశయ నాళానికి రెండు సెంటీమీటర్లు పక్కకు, యోని పైమూలకు రెండు సెంటీమీటర్లు ఎగువన ఉండే ఆ స్థానానికి 'ఎ బిందువు' అని పేరు పెట్టారు.

వారు చేసిన రెండవ పని దీనికంటే తక్కువది కాదు. గర్భాశయంలో ఉంచే గొట్టాలకు మూడు పొడవులు, దాని కింద ఇరుపక్కల ఉంచే గుడ్డు ఆకారపు రబ్బరు బిళ్ళలకు మూడు పరిమాణాలు నిర్ణయించి, వేటిలో ఎంత రేడియం నింపవలెనో పట్టిక వేశారు. ఏ పరిమాణం వాడినా ఎ బిందువు దగ్గర గంటకు పడే మోతాదు ఇంచుమించు ఒకటే అయ్యేటట్లు లెక్కను ముందే ముగించి పెట్టారు. రోగికి ఒక్కొక్కటి సుమారు 72 గంటల చొప్పున రెండు విడతలు. కంప్యూటర్లు లేని ఆ రోజులలో, భౌతికశాస్త్రజ్ఞుడు అందుబాటులో లేని ఆస్పత్రిలో కూడా వైద్యుడు పట్టిక చూసి సరైన మోతాదు ఇవ్వగలిగాడు. ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించడానికి ఇదియే కారణం.

మన దేశంలో 1934 లో మద్రాసులో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ, 1941 లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రి ప్రారంభమైనవి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధానిలో చేరి ఉండేవి. నిజామాబాదు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ రాష్ట్ర రాజధానిలో 1955 లో కాన్సరు ఆస్పత్రి, రేడియం సంస్థ ఏర్పడినది. 1960 లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరు అయిన నవాబు మెహదీ నవాజ్ జంగ్ పేరు దానికి పెట్టారు. నేడు దానిని ఎం.ఎన్.జె. కాన్సరు సంస్థ అంటారు. తెలంగాణ జిల్లాల పేద రోగులకు అది ముఖ్యమైన ఆధారం. ఆనాటి పేరులోని 'రేడియం' అనే మాట ఆ కాలంలో కాన్సరు వైద్యమంటే ఏమిటో చెప్పకయే చెబుతున్నది.

ఖాళీ గొట్టం ముందు, మూలపదార్థం తరువాత

రేడియం రోగిని కాపాడుతూ, చికిత్స చేసేవారిని కాల్చేది. వైద్యుడు రేడియం నింపిన గొట్టాలను స్వయంగా అమర్చవలసి వచ్చేది. చేయి తొందరపడితే గొట్టం సరిగా కూర్చోదు. నిదానిస్తే చేతులకు కిరణాలు తగులుతాయి. మూడు రోజులు మంచం మీద కదలక పడుకొన్న రోగికి సేవ చేసే నర్సులకు రోజూ కొంత మోతాదు తప్పదు. రేడియం అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు కనుక దాని బలం తరిగేది కాదు. దాని నుండి పుట్టే రాడాన్ వాయువు పగిలిన గొట్టం నుండి బయటపడే భయం వేరే ఉన్నది. 1934 లో మేరీ క్యూరీ రక్తక్షీణతతో మరణించడానికి ఆమె జీవితమంతా తగిలిన కిరణాలే కారణమని భావిస్తారు.

దీనికి విరుగుడుగా వచ్చిన ఆలోచన చాలా సులభమైనది. ముందు ఖాళీ గొట్టాన్ని అమర్చడం, అది సరిగా ఉన్నదో లేదో తాపీగా చూసుకోవడం, ఆ పిమ్మటనే మూలపదార్థాన్ని లోపలకు పంపడం. న్యూయార్కులో ఉల్రిక్ హెన్ష్కే మొదలైనవారు 1960 ప్రాంతంలో దీనిని ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో కొత్త మూలకం లేదు, కొత్త కిరణం లేదు. రెండు పనుల వరుస మారినది, అంతే. ఆ మార్పుతో వైద్యుని చేతికి తొందర పోయినది.

తరువాత మూలపదార్థాన్ని చేతితో కాక, వేరే గదిలో నుండి యంత్రంతో పంపే ఏర్పాటు వచ్చినది. రేడియం స్థానంలో సీసియం-137, కోబాల్టు-60, ఇరిడియం-192 ప్రవేశించినవి. నేటి యంత్రాలలో సన్నని తీగ చివర కొద్ది మిల్లీమీటర్ల పొడవు గల ఇరిడియం తునక ఉంటుంది. అది గొట్టంలో ఒక్కొక్క చోట కొన్ని సెకండ్లు ఆగుతూ పోతుంది. మూడు రోజుల చికిత్స పది పదిహేను నిమిషాలకు తగ్గినది. అటువంటి విడతలు రెండు నుండి అయిదు వరకు ఇస్తారు.

ఇరిడియం-192 అర్ధాయువు సుమారు 74 రోజులు. నేడు పది నిమిషాలలో ముగిసే చికిత్సకు 74 రోజుల తరువాత అదే తునకతో ఇరవై నిమిషాలు పడుతుంది. అందుచేత దానిని మూడు నాలుగు నెలలకు ఒకసారి మార్చవలె. కోబాల్టు-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. కొత్త తునక రావడం ఆలస్యమైతే ఇరిడియం యంత్రం దగ్గర రోగుల వరుస పెరిగిపోతుంది. కోబాల్టు యంత్రానికి ఆ చిక్కు తక్కువ. అర్ధాయువు అనే పాఠ్యపుస్తకపు అంకె ఆస్పత్రిలో వేచి ఉండే రోగుల సంఖ్యను మార్చగలదన్నమాట.

చిత్రం చూసి చేసే చికిత్స

ఎ బిందువుకు ఒక లోపం ఉన్నది. అది గొట్టాన్ని బట్టి నిర్ణయమైన స్థానం, కంతిని బట్టి కాదు. చిన్న కంతికీ పెద్ద కంతికీ అదే బిందువు. ఎక్స్ కిరణాల చిత్రంలో గొట్టం కనబడుతుంది, ఎముకలు కనబడతాయి, కంతి మాత్రం కనబడదు. 1971 లో సి.టి. యంత్రం తొలిసారి రోగికి ఉపయోగపడినది. తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ. యంత్రం మెత్తని కండరాల నుండి కంతిని వేరుచేసి చూపగలిగినది. ఆస్ట్రియాలోని వియన్నాలో రిచర్డ్ పోట్టర్ బృందం, ఐరోపాలోని ఇతర కేంద్రాలు కలిసి 2005, 2006 సంవత్సరాలలో కొత్త నియమాలు ప్రచురించినవి. ఒక బిందువుకు కాక, చిత్రంలో గీసిన కంతి ఘనపరిమాణానికి మోతాదు నిర్ణయించడం, మూత్రాశయంలో, పురీషనాళంలో ఎక్కువగా దెబ్బతినే రెండు ఘన సెంటీమీటర్ల భాగానికి హద్దు పెట్టడం వీటి సారాంశం.

ఈ విధంగా చికిత్స చేసిన 1,341 మంది స్త్రీలను 2008 నుండి 2015 వరకు అనేక దేశాలలో చేర్చుకొని పరిశీలించారు. 2021 లో ప్రకటించిన ఫలితం ప్రకారం అయిదు సంవత్సరాల తరువాత నూటికి 92 మందిలో కంతి ఆ స్థానంలో అదుపులోనే ఉన్నది. మన దేశంలో ఎం.ఆర్.ఐ. అందరికీ ప్రతి విడతకు దొరకడం కష్టం. సి.టి. చిత్రం మీద కంతి హద్దులను ఎట్లా గీయవలెనో తెలిపే అంతర్జాతీయ సూచనలు 2021 లో వెలువడినవి. వీటిలో భారత బ్రాకీథెరపీ సంఘం పాలుపంచుకొన్నది. ముంబయి టాటా ఆస్పత్రిలో పనిచేసి విశాఖపట్నం సమీపంలోని హోమీ భాభా కాన్సరు ఆస్పత్రికి వచ్చిన డాక్టరు ఉమేశ్ మహంతశెట్టి ఆ రచనకు ముందు నిలిచారు.

గానుగ దగ్గర కాదు చిక్కు

చిత్రం రావడంతో చికిత్స కచ్చితమైనది కాని, పని పెరిగినది. రోగికి మత్తు ఇవ్వాలి. అల్ట్రాసౌండు చూస్తూ గొట్టం అమర్చి, అది జరగకుండా గుడ్డతో బిగించాలి. కదల్చకుండా చిత్రపు గదికి చేర్చాలి. వైద్యుడు కంతినీ, పక్క అవయవాలనూ గీయాలి. భౌతికశాస్త్రజ్ఞుడు మోతాదు లెక్క వేయాలి. మరొకరు దానిని సరిచూడాలి. అప్పుడు చికిత్స. చిత్రం తీసిన తరువాత గంటలు గడిచేకొద్దీ మూత్రాశయం నిండుతుంది, ప్రేగులు కదులుతాయి, గొట్టం జరుగుతుంది. కోసిన చెరకులో చక్కెర తగ్గినట్లే, తీసిన చిత్రంలో నిజం తగ్గిపోతుంది.

ఒక లెక్క చూడండి. గొట్టం అమర్చడానికి 45 నిమిషాలు, చిత్రానికి 30, గీయడానికీ లెక్కకూ కలిపి 90, చికిత్సకు 20 అనుకుందాం. మొత్తం 185 నిమిషాలు. ఒకరిది ముగిసిన తరువాతనే మరొకరిది మొదలుపెడితే నలుగురు రోగులకు 740 నిమిషాలు, అనగా 12 గంటల 20 నిమిషాలు పడుతుంది. ఒకరు చిత్రానికి పోగానే రెండవవారి పని వేళ చూసి మొదలుపెడితే? అన్నిటికంటే ఆలస్యమయ్యే మెట్టు 90 నిమిషాలది. కనుక 185 కు మూడు తొంభైలు కలిపితే 455 నిమిషాలు, 7 గంటల 35 నిమిషాలు. ఆ 90 నిమిషాల పనిని గీసేవారికి 45, లెక్క వేసేవారికి 45 గా విడదీసి ఇద్దరికి అప్పగిస్తే 185 కు మూడు నలభై అయిదులు చేర్చి 320 నిమిషాలు. అనగా 5 గంటల 20 నిమిషాలు. కొత్త యంత్రం ఒక్కటీ కొనలేదు. చికిత్స యంత్రం అన్ని లెక్కలలోనూ పనిచేసినది రోగికి 20 నిమిషాలే. చిక్కు గానుగ దగ్గర కాదు, గానుగకు ముందున్న మెట్లలో ఉన్నదని విద్యార్థులు సులభంగా గ్రహించగలరు.

వేగం ఒక్కటే చాలదు. 1992 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో వేరొక కాన్సరుకు చికిత్స పొందుతున్న వృద్ధురాలి శరీరంలో ఇరిడియం తునక తీగ నుండి విరిగి ఉండిపోయినది. గది గోడకున్న హెచ్చరిక యంత్రం మోగినది. అది చెడి మోగుతున్నదని అక్కడివారు అనుకొన్నారు. చేతి పరికరంతో రోగిని పరీక్షించే చివరి మెట్టును వదిలివేశారు. ఆమెను పంపివేశారు, అయిదు రోజులకు ఆమె మరణించినది. పరికరం తన పని తాను చేసినది. వరుసలో ఒక మెట్టు తప్పినది. అందుకే చికిత్స ముగియగానే రోగినీ గదినీ కొలిచి చూడడం, ప్రతి మెట్టు దగ్గర సంతకంతో సరిచూడడం తప్పనిసరి నియమాలైనవి.

యాభై ఆరు రోజులు

రోగికి బయటి నుండి కిరణ చికిత్స వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు 25 విడతలు, దానితోపాటు వారానికి ఒకసారి మందు, ఆపైన బ్రాకీథెరపీ. ఇదంతా ఎనిమిది వారాలలో, అనగా 56 రోజులలో ముగియవలెనన్నది నేడు అందరూ అంగీకరించిన నియమం. కారణం కంతి కణాలే. చికిత్స సాగదీస్తే బ్రతికిన కణాలు తిరిగి వృద్ధి పొందుతాయి. ఆ గడువు దాటిన ఒక్కొక్క రోజుకు వ్యాధి అదుపు అవకాశం సుమారు ఒక శాతం వరకు తగ్గుతుందని పలు పరిశీలనలు తేల్చినవి. బయటి చికిత్సకే అయిదు వారాలు పోతాయి. మిగిలిన మూడు వారాలలో చిత్రపు గది ఖాళీ, మత్తు వైద్యుడు, భౌతికశాస్త్రజ్ఞుడు, బలం తగ్గని ఇరిడియం తునక అన్నీ ఒకే రోజున కుదరాలి. అదీ రెండు నుండి అయిదు పర్యాయాలు.

కోటగిరి నుండి హైదరాబాదు నూట యాభై కిలోమీటర్లకు పైబడిన దూరం. 2007 లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం చికిత్స ఖర్చు భారాన్ని చాలావరకు తగ్గించినది. కాని కూలి పోగొట్టుకొని, తోడుగా ఒక మనిషిని తీసుకొని వచ్చిన స్త్రీకి 'నేడు కుదరలేదు, వచ్చే వారం రండి' అన్న మాటకు ఖరీదు బస్సు ఛార్జీ మాత్రమే కాదు. ఏడు రోజులు. 56 రోజుల లెక్కలో ఆ ఏడు రోజులు ఎక్కడ నుండి వస్తాయి? బయటి చికిత్స మూడవ వారంలో ఉండగానే బ్రాకీథెరపీ తేదీలు నిర్ణయించి చేతికి ఇచ్చే కేంద్రాలలో ఈ నష్టం తగ్గుతుంది. చెరకు రైతుకు కటింగ్ ఆర్డరు ముందే చేతికి ఇచ్చినట్లే ఇదీను.

ఈ కాన్సరుకు మూలం పాపిలోమా అనే వైరసు అని రుజువు చేసిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008 లో నోబెల్ బహుమతి లభించినది. 2020 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి మూడు లక్ష్యాలు పెట్టినది. నూటికి 90 మంది బాలికలకు టీకా, 70 మంది స్త్రీలకు పరీక్ష, వ్యాధి బయటపడిన వారిలో 90 మందికి చికిత్స. టీకా నేటి బాలికను రేపు కాపాడుతుంది. నేడు వ్యాధితో ఉన్న ఆమె తల్లిని కాపాడవలసినది మూడవ అంకె. క్యూరీ దంపతులు ఇచ్చిన కిరణం ఆ తల్లికి దక్కవలెనంటే, ఆస్పత్రిలోని ప్రతి మెట్టూ ఆమె 56 రోజులను తన లెక్కగా పెట్టుకోవలె.